మాయకరువు పరీక్ష

రత్నకూట నగరాన్ని దూరంనుంచి చూసినవాడికి ఆకలి అనే మాట గుర్తుకు రాదు. ఏడు కొండల మీద ఏడు కోశాలు. ఒక్కొక్క కోశానికి దంతపు తలుపులు, పగడాల గడపలు, పాలరాతి మెట్లకు అటూ ఇటూ నోరు తెరిచిన కంచు సింహాలు. పొద్దెక్కేసరికి ఏడు శిఖరాల మీది కలశాలు ఎండకు భగ్గుమని మెరుస్తాయి. కింద లోయలో శోణవతి నది, దాని ఒడ్డున నెమళ్లు తిరిగే చందనవనాలు, నది మీద గాజురంగు రాళ్లతో కట్టిన వంతెన. ఇంత అందమైన చోట ఇంత సిగ్గుమాలిన పని జరిగిందని చెప్పాల్సి రావడం నాకు ఇష్టం లేదు. కాని జరిగింది. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

చైత్ర శుద్ధ చవితినాటి ఉదయం శరభుడు నురగలు కక్కుతున్న గుర్రాన్ని మకరకోశం మెట్ల ముందు ఆపాడు. అతను రాజకుమారుడు కాడు. గవ్వలదిబ్బ అనే రేవులో బంగారానికి వన్నె చూసే పనివాడు. నడుముకు తండ్రినాటి గీటురాయి, మొలలో చిన్న ఉలి, చేతిలో ఊరందరి తరపున ఇచ్చిన ముద్రిక, ఇవే అతని ఆస్తి. గవ్వలదిబ్బ వాళ్లు సముద్రంలో మునిగి ముత్యాలు తీసి బతుకుతారు. ఇరవై ఏళ్లు ఊపిరి బిగబట్టి సంపాదించిన పన్నెండు బారువుల బంగారాన్ని ఊరంతా కలిసి ఈ మకరకోశంలోనే దాచుకున్నారు.

ఇప్పుడది కావలసివచ్చింది. కంకాళద్వీపపు ఓడదొంగ వ్యాఘ్రదంతుడు మూడు యుద్ధనావలతో రేవులోకి వచ్చి, దశమి మధ్యాహ్నానికి పన్నెండు బారువులూ ముట్టకపోతే మూడు వందల గడపలూ తగలబెట్టి పిల్లాజెల్లాను బానిసలుగా అమ్ముకుంటానని చెప్పి వెళ్లాడు. ఊరి దగ్గర ఎంత ఉందో ఆ దొంగకు గురిగింజ ఎత్తు తేడా లేకుండా ఎలా తెలిసిందని ఎవరికీ అనుమానం రాలేదు. శరభుడికీ తట్టలేదు. రేవుకు రెండు రోజుల దారి. అష్టమి పొద్దునకల్లా బంగారంతో బయలుదేరకపోతే ఊరు ఉండదు. అతని తలలో ఉన్నది అదొక్కటే.

మకరకోశం అధిపతి భద్రగుప్తుడు తెల్లని మనిషి, మెత్తని మాట. ముద్రికను కళ్లకద్దుకుని మరీ చూశాడు. అతిథికి చందనం ఇప్పించాడు, తాంబూలం ఇప్పించాడు. బంగారం మాత్రం ఇప్పించలేదు. ఇది పరీక్షల వారమనీ, తదియనుంచి నవమిదాకా ఏ కోశంనుంచీ ఒక్క కడ్డీ కూడా బయటికి పోకూడదని రాజశాసనం ఉందనీ చెప్పాడు. ఊరు తగలబడుతుందని శరభుడు రెండుసార్లు చెప్పాడు. భద్రగుప్తుడు రెండుసార్లూ ఎంతో బాధపడ్డాడు.

“నీ బంగారం ఎక్కడికీ పోదు నాయనా. నవమి వెళ్లనీ, వచ్చి పట్టుకుపో” అన్నాడు చివరికి.

శరభుడు గొంతు పెంచేసరికి భటులు అతన్ని మెడపట్టి మెట్ల కిందికి గెంటారు. మోచేయి చీరుకుపోయింది. లేచి దుమ్ము దులుపుకునేసరికి కొండమీద శంఖాలు మోగుతున్నాయి. పరీక్ష మొదలైంది.

ఈ పరీక్ష ఏమిటో చెప్పాలి. ఇరవై రెండేళ్ల కిందట రత్నకూటంలో మూడేళ్లపాటు వాన పడలేదు. దాచుకున్న బంగారం తీసుకుని పరదేశపు ధాన్యం కొనుక్కుందామని జనం కోశాలకు వస్తే, ఏడు కోశాలూ తలుపులు మూసుకున్నాయి. లోపల ఉండాల్సిన బంగారాన్ని అధిపతులు వడ్డీలకు తిప్పుకుంటున్నారు. జనం పాలరాతి మెట్లమీదే కూలి చనిపోయారు. తరవాత సింహాసనం ఎక్కిన రాజు మంచివాడు. ఏటా ప్రతి కోశం మీదికీ ఒక మాయకరువును పంపాలని, మాయాజనం వచ్చి అడిగితే ఆ కోశం బంగారం చూపగలిగిందో లేదో పరీక్షించాలని శాసనం వేశాడు. నెగ్గిన కోశం గుమ్మానికి స్ఫటికపు అభయఫలకం తగిలిస్తారు. ఆ ఫలకం చూసి జనం ధైర్యంగా బంగారం దాచుకుంటారు. ఇంతవరకు వింటే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అయితే ఆ కరువు ఏ రోజు వస్తుందో కోశాలకు నెల ముందే చాటింపు వేసి చెబుతారు. ఎంతమంది మాయాజనం వస్తారో చెబుతారు. మూడు వందల అరవైమంది, ఒక్కరు ఎక్కువ కాదు, ఎందుకంటే ఆనాటి కరువులో మొదటిరోజు వచ్చింది అంతమందే. ఆ కరువు మూడేళ్లు సాగిందన్న సంగతి శాసనం రాసినవాళ్లు ఎక్కడ పారేసుకున్నారో నాకు తెలియదు. పైగా రోజుకు ఒక్క కోశానికే పరీక్ష. ఏడు రోజులు, ఏడు కోశాలు. పెళ్లిచూపులకు కూడా ఇంత సదుపాయం ఉండదు.

పరీక్షాధికారి కాలజిహ్వుడు మాంత్రికుడు. వెన్నుదాకా జడలు, నాలుక మీద నల్లటి పుట్టుమచ్చ. అతను లంచగొండి అయి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు. అతను ఎవరి నీళ్లూ తాగడు. తన కరువును తానే చూసి మురిసిపోతాడు. కంచుభరిణె మూత వేలెడు తీస్తే చాలు, కొండమీద ఆకాశం రాగిరంగుకు తిరుగుతుంది, చెట్ల ఆకులు ముడుచుకుపోతాయి, గాలిలోంచి డొక్కలు ఎండిన మాయాజనం బారులు తీరి నడిచివస్తారు. ఆ మాయాజనంలో ఒక్కొక్కరి పక్కటెముకలూ లెక్క ప్రకారం ఉన్నాయో లేవో అతను తాటాకు పట్టుకుని సరిచూసుకుంటాడు.

కోశం గోడ పక్కన నక్కి ఇదంతా చూసిన శరభుడికి ఒక ఆలోచన వచ్చింది. రెండు రోజులుగా తిండి లేక అతని మొహమూ అలాగే ఉంది. వంటవాళ్లు పారబోసిన బూడిద ఒంటినిండా పులుముకున్నాడు, పైగుడ్డ చింపి తలకు చుట్టుకున్నాడు, బారు చివర ఆ మాయాజనంలో కలిసిపోయాడు. ఎలాగో లోపలికి పోయి, ఊరి బంగారం ఎక్కడుందో చూసి, దాన్ని తీసుకుపోయే దారి వెతుక్కుందామన్నది అతని ఎత్తు. ముందున్న ముసలివాడి వీపులోంచి అతనికి తలుపు కనిపించింది. మాయ కదా.

పందిరి నీడలో ఉన్నంతసేపూ బాగానే సాగింది. తలుపు ముందు ఆరు మెట్లు ఎండలో ఉన్నాయి. మాయాజనానికి నీడ పడదు. శరభుడి నీడ మాత్రం మెట్లమీద నల్లగా, నిక్షేపంగా పడింది. కావలివాడు తల తిప్పబోయాడు. అంతలో పక్కనుంచి ఒక పెద్ద తాటాకు గొడుగు వంగి ఆ నీడను కప్పేసింది. గొడుగు పట్టుకున్నది ఒక యువతి, చంకలో కంచుభరిణె. ఆమె అతనివైపు చూడలేదు. అతనితోపాటు ఆరు మెట్లూ ఎక్కి, గొడుగు ఎత్తుకుని తన చోటికి పోయింది. ఆమె పేరు అంబాలిక, కాలజిహ్వుడి శిష్యురాలు.

లోపల ఒక్కొక్కరి ముందూ పళ్లెంలో ఒక కడ్డీ పెడుతున్నారు. మాయాజనం చేతులు చాపి, తృప్తిపడి, మాయమవుతున్నారు. శరభుడి ముందు పెట్టిన కడ్డీ మీద గవ్వ ముద్ర ఉంది. అతను స్వయంగా వన్నె చూసి వేసిన ముద్ర. వెనకాల గుట్టగా పోసినవాటి మీదా అక్కడక్కడ అదే ముద్ర కనిపించింది. అతని ప్రాణం లేచివచ్చింది. ఊరి బంగారం ఉంది, ఎక్కడికీ పోలేదు. ఆ సంతోషంలో గుర్తుగా కడ్డీ అంచుమీద ఉలితో మూడు గీతలు గీసి, స్తంభం చాటుకు తప్పుకుని బయటపడ్డాడు. గుమ్మానికి అభయఫలకం తగిలించారు. జనం చప్పట్లు కొట్టారు. అంబాలిక దగ్గరికి వచ్చి, రేపు వ్యాళకోశానికి కూడా ఇదే వేషంలో రమ్మని, అక్కడ పళ్లెంలో ఏముందో చూడమని మెల్లిగా చెప్పింది.

పంచమినాడు వ్యాళకోశంలో శరభుడి ముందు పెట్టిన పళ్లెంలో గవ్వ ముద్ర కడ్డీ లేదు. పక్కవాడి పళ్లెంలో ఉంది. అంచున మూడు గీతలు ఉన్నాయి. అది అతని చేతి గీతే, ఉలి మొన విరిగినచోట పడే చిన్న వంకర కూడా ఉంది. ఏడు కోశాలకూ కలిపి ఉన్నది ఒక బండెడు బంగారం. అదే రోజుకొక కొండకు ఊరేగుతోంది.

అతను వేషం కడుక్కుని అంబాలికను వెంటబెట్టుకుని తిన్నగా కాలజిహ్వుడి దగ్గరికి పోయాడు. మాంత్రికుడు ఓపికగానే విన్నాడు. తాటాకుల కట్ట విప్పి, శాసనం ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు.

“పరీక్ష వేళకు బంగారం ఉందా లేదా అన్నదే శాసనం నన్ను అడిగింది. అది ఎక్కడినుంచి వచ్చిందో అడగలేదు. అడగనిది చూడటం నా పని కాదు” అన్నాడు.

“అయితే ఏడు కోశాలకీ ఒకేరోజున పెట్టండి స్వామీ. తేలిపోతుంది.”

“ఏడు కొండల మీదా ఒకేరోజున కరువొస్తుందా? అట్లాంటిది ఎవడు చూశాడు?”

“నేను చూశాను గురువుగారూ. మా అమ్మా నాన్నా మకరకోశం మెట్లమీద పోయిన రోజున నేను పక్కనే ఉన్నాను” అంది అంబాలిక.

కాలజిహ్వుడు ఆమెను భరిణె మూతకు చింతపండు పెట్టి తోమమని పంపేశాడు. ఆ మాంత్రికుడి గొంతు పట్టుకుందామని శరభుడికి అనిపించింది కాని, పట్టుకున్నా ఆ గొంతులోంచి శాసనమే వస్తుందని అర్థమై ఊరుకున్నాడు.

కొండల కింద సొరంగం ఉందని అంబాలికకు తెలుసు. షష్ఠినాటి పొద్దున ఆమె అతన్ని వ్యాళకోశం వెనక పాడుబడిన ధాన్యపు పాతర దగ్గరికి తీసుకుపోయి, తాడు కట్టి కిందికి దించింది. ఆ రోజు పరీక్ష నాలుగో కోశమైన గరుడకోశానికి. బంగారం ఎలా పోతుందో కళ్లారా చూసి, రాజుగారి ముందు సాక్ష్యం చెప్పాలని అతని ఉద్దేశం. రాజు వింటే రాజాజ్ఞతో తన ఊరి బంగారం అష్టమిలోపు దక్కుతుందని ఆశ.

సొరంగం గోడలకు దివిటీలు వెలుగుతున్నాయి. నూరడుగులు నడిచాడో లేదో, దారికి అడ్డంగా ఒక రాతిసర్పం పడుకుని ఉంది. తాటిమాను లావు, కళ్ల స్థానంలో కెంపులు. కోశముద్ర లేకుండా బంగారం పట్టుకుపోయేవాణ్ణి వాసన పట్టి మింగడం దాని పని అని అంబాలిక ముందే చెప్పింది. తన దగ్గర బంగారం లేదు కదా అని శరభుడు ధైర్యంగా దాటబోయాడు. సర్పం తల ఎత్తింది. రాళ్లు రాసుకుంటున్న చప్పుడుతో చుట్టలు విప్పుకుని అతని మీదికి వచ్చింది. శరభుడు వెనక్కు దూకాడు. తోక దెబ్బకు పక్క గోడ పెళ్లలు పెళ్లలుగా ఊడిపడింది. రెండో దెబ్బ తప్పించుకునేసరికి అతనికి తట్టింది. నడుముకున్న గీటురాయి! ముప్పై ఏళ్లుగా తండ్రీ తనూ గీసిన బంగారపు చారలు దాని నిండా ఉన్నాయి. తండ్రి ఇచ్చిపోయింది అదొక్కటే. ముడి విప్పి, ఒక్కసారి అరచేత్తో తడిమి, సొరంగం పక్కనున్న అగాధంలోకి విసిరేశాడు. సర్పం దాని వెనకాలే దూకింది. కిందెక్కడో పెద్ద చప్పుడై ఆగిపోయింది. శరభుడు కళ్లు తుడుచుకుని పరుగెత్తాడు.

మలుపు తిరగ్గానే బండి కనిపించింది. కళ్లకు గంతలు కట్టిన నాలుగు కంచరగాడిదలు దాన్ని లాగుతున్నాయి. బండిలో కడ్డీల గుట్ట, పద్నాలుగు బారువులకు మించదు. బండి వెనక పెట్టెనిండా రాగిరేకులు. అప్పిచ్చిన పత్రాలు. శరభుడు బండి వెనక వేలాడుతూ పైరేకు తీసి చదివాడు. మకరకోశంనుంచి నలభై బారువుల బంగారం అప్పు. పుచ్చుకున్నవాడు కంకాళద్వీపపు వ్యాఘ్రదంతుడు. గడువులోగా తీర్చకపోతే అప్పుతో కట్టించిన మూడు యుద్ధనావలూ బంగారం దాచుకున్నవాళ్ల సొంతమవుతాయని కింద రాసి ఉంది. గడువు దాటి ఏడాదైంది. అంటే గవ్వలదిబ్బ వాళ్ల బంగారంతోనే వాడు ఓడలు కట్టుకుని గవ్వలదిబ్బ మీదికి వచ్చాడు.

“చదివావా? మంచిది, చెప్పే శ్రమ తప్పింది” అన్నాడు వెనకనుంచి ఎవరో. భద్రగుప్తుడు పదిమంది భటులతో నిలబడి ఉన్నాడు. అతని మొహంలో కోపం లేదు, అదే మెత్తదనం. “వాడు అప్పు తీర్చలేనన్నాడు. మీ ఊరి దగ్గర పన్నెండు బారువులున్నాయని నేనే చెప్పాను. నవమి దాటేదాకా వాణ్ణి ఆపే పూచీ నాది. మీరు వాడికిస్తారు, వాడు నాకిస్తాడు, నేను మీకిస్తాను. అందరి లెక్కా సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు నాయనా.”

“మరి మాకేం మిగుల్తుంది?”

“ఊరు మిగుల్తుంది. తక్కువా అది?”

శరభుడు రేకును మొలలో దోపుకుని, గోడమీది దివిటీ లాగి గాడిదల ముందు విసిరాడు. అవి బెదిరి అడ్డంగా తిరిగాయి. బండి చక్రం రాతికి తగిలి విరిగింది. పద్నాలుగు బారువుల బంగారం సొరంగంలో దొర్లిపోయింది. భటులు అతన్ని వదిలేసి కడ్డీల మీద పడ్డారు. శరభుడు మెట్లవైపు పరుగెత్తి, ఒకణ్ణి భుజంతో గుద్ది, ఇంకొకడి బల్లెం కిందనుంచి దూరి, తల మీది పలకను నెట్టుకుని పైకి తేలాడు.

అది గరుడకోశం నట్టనడుమ. పరీక్ష నడుస్తోంది. మాయాజనం బారు తీరి ఉంది, పళ్లాలు ఖాళీగా ఉన్నాయి. బంగారం ఆలస్యమైందని గరుడకోశపు అధిపతి చెమటలు తుడుచుకుంటూ నీళ్లు నములుతున్నాడు. కాలజిహ్వుడు శాసనంలో ఆలస్యానికి ఎంత వ్యవధి ఉందో వెతుకుతున్నాడు. పైన మేడ అంచున భరిణెతో అంబాలిక నిలబడి ఉంది.

“మూత పూర్తిగా తీసెయ్యి అంబాలికా. ఏడింటికీ” అని కేక వేశాడు శరభుడు.

అంబాలిక ఒక్క క్షణం గురువువైపు చూసింది. తరవాత భరిణె మూత ఊడబెరికి, భరిణెను మేడమీదినుంచి లోయలోకి గిరాటు వేసింది.

ఆకాశం ఏడు కొండల మీదా ఒక్కసారే రాగిరంగుకు తిరిగింది. చందనవనాలు కళ్లముందే వాడిపోయాయి. నదిలో నీళ్లున్నా ఇసుకే కనిపించింది. ఏడు గుమ్మాల ముందూ మాయాజనం వచ్చి నిలబడ్డారు. మూడు వందల అరవై కాదు, ఆనాడు నిజంగా ఎంతమంది వచ్చారో అంతమంది, వేలకు వేలు, చంకల్లో పసిపిల్లలతో. వాళ్లు అరవలేదు. చేతులు చాపి నిలబడ్డారు. పళ్లాల్లో పెట్టడానికి ఏమీ లేదు. తదియనాడు తగిలించిన మొదటి కోశపు అభయఫలకం పెటపెటమని పగిలింది. తరవాత మకరకోశానిది, వ్యాళకోశానిది. కిందటేటివి కూడా, ఇంకా దించని ప్రతి ఫలకమూ పగిలి మెట్లమీద రాలింది.

నగరంలో జనం ఆ చప్పుడు విన్నారు. కుమ్మరులు, సాలెవాళ్లు, కూతురి పేరిట నాలుగు కాసులు దాచుకున్న ఇల్లాళ్లు ముద్రికలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మాయాజనంలోంచి దూసుకుంటూ, నిజం మనుషులు లోపలికి తోసుకుపోయారు. కాలజిహ్వుడు ఆ తొక్కిడిలో ఒక స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

“పరీక్ష పెట్టలేదురా నువ్వు, కరువే తెచ్చావు. వీళ్లు రేపటిదాకా నమ్మకంతో బతికేవాళ్లు” అన్నాడు శరభుడితో.

“మెట్లమీద పోయినవాళ్లు కూడా ముందురోజుదాకా నమ్మకంతోనే బతికారు స్వామీ” అన్నాడు శరభుడు.

మాంత్రికుడు గంటం తీసి తాటాకు మీద రాయడం మొదలుపెట్టాడు. శాసనంలో లేని విధంగా జరిగింది కాబట్టి ఈ పరీక్ష చెల్లదని రాస్తున్నాడు. ఇల్లు కూలుతుంటే కొలతలు తీసుకునే మనిషిని నేను వాణ్ణొక్కణ్ణే చూశాను.

శరభుడు మళ్లీ సొరంగంలోకి తొంగిచూశాడు. బంగారం అక్కడే ఉంది. పన్నెండు బారువులు గుర్రాలకెత్తుకుంటే అతని ఊరు నిలుస్తుంది. కాని జనం అప్పటికే దిగిపోయారు. గవ్వ ముద్ర కడ్డీని ఒక ముసలి కుమ్మరామె రెండు చేతులతో గుండెకు హత్తుకుని గోడవారగా కూర్చుని ఉంది. లాక్కుంటే వస్తుంది. అతని చెయ్యి ముందుకు పోయింది కూడా. ఆమె కళ్లెత్తి చూసేసరికి వెనక్కు తీసుకున్నాడు. అలా తీసుకున్నందుకు అతనికి తనమీద తనకే కోపం వచ్చింది. మూడు వందల గడపల ముందు ఏం చెప్పాలి? మొలలో రాగిరేకు గుచ్చుకుంటోంది. ఉన్నది అదే.

అతనూ అంబాలికా పరీక్షాదళం గుర్రాలు రెండు విప్పుకుని వంతెన మీద పడ్డారు. ఆ వేళకే భద్రగుప్తుడు మకరకోశం మేడమీదికి చేరి ఒక పావురాన్ని ఎగరేశాడు. అది తూర్పుకు, సముద్రంవైపు పోవడం శరభుడు చూశాడు. అందులో ఏముందో ఊహించుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కోశం కూలింది, బంగారం రాదు, ఊరు దోచుకో. గుర్రాలను చంపేలా తోలారు. దారిలో భద్రగుప్తుడి రౌతులు ముగ్గురు వెంటపడితే, అంబాలిక వేళ్లకంటుకున్న మాయను విదిలించి వాళ్ల ముందున్న నదిని ఎండిపోయినట్టు చూపించింది. వాళ్లు ఇసుకనుకుని నిండునీళ్లలోకి గుర్రాలను దించారు. ఎవరూ పైకి తేలలేదు.

అష్టమి మధ్యాహ్నం గవ్వలదిబ్బ చేరేసరికి మూడు నావలూ రేవులో ఉన్నాయి. గడువుకు రెండు రోజులు ముందే. పావురం వీళ్లకన్నా ముందే చేరింది. వ్యాఘ్రదంతుడి మనుషులు చిన్న పడవలు దించుకుంటున్నారు, దివిటీలు నూనెలో ముంచుకుంటున్నారు. ఊరంతా ఒడ్డుమీద నిలబడి ఉంది. ముందు నిలబడింది ఊరిపెద్ద గంగులక్క, అరవై ఏళ్ల మనిషి, ఇప్పటికీ రేవులో అందరికన్నా లోతుకు మునిగేది ఆమే. బంగారంతో వస్తాడని ఆమె ఆరు రోజులుగా దారి చూస్తోంది.

“తెచ్చినావేట్రా?” అని అడిగింది.

“లేదు పెద్దమ్మా. అక్కడ బంగారం లేదు. ఎప్పుడో పోయింది” అన్నాడు శరభుడు. జరిగింది నాలుగు మాటల్లో చెప్పి రాగిరేకు ఆమె చేతిలో పెట్టాడు. “ఇది తెచ్చినాను. ఆ మూడు ఓడలూ మనవని రాసుంది.”

జనంలో ఎవరో ఏడ్చారు. ఎవరో అతన్ని బూతులు తిట్టారు. అతను తల దించుకుని తిట్లన్నీ పడ్డాడు. గంగులక్క చదువుకోలేదు. రేకును తిప్పి తిప్పి చూసింది. తరవాత రేవులోని ఓడలవైపు చాలాసేపు చూసింది, అడుగు ఎంత లోతుందో, కొయ్య ఏ కొయ్యో.

“మనవేనని దొరలే రాసిచ్చినారా?”

“రాసిచ్చినారు.”

“మనవైతే మనం ముంచుకుంటాం. ఎవుడడుగుతాడు?”

ఆమె కొప్పు బిగించి ముడివేసుకుంది, ముత్యపుచిప్పలు విడదీసే ఉలి పళ్లతో కరిచి పట్టుకుంది. వెనకాల నూటయాభైమంది, ఆడా మగా, మాట్లాడకుండా ఉలులు తీసుకున్నారు. పడవల్లోని దొంగలు వీళ్లు చేతులు జోడించడానికి నీళ్లలోకి దిగుతున్నారనుకుని నవ్వారు. మోకాలు లోతు, మొల లోతు, మెడ లోతు. ఊరు ఊరంతా గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒక్కసారే మునిగింది. శరభుడు అంత లోతుకు ఎప్పుడూ పోలేదు. అయినా ఉలి తీసుకుని వాళ్ల వెనకాలే మునిగాడు.

నీళ్ల కింద పచ్చటి వెలుగులో మొదటి ఓడ అడుగు నల్లగా కనిపించింది. గంగులక్క దాని పలకను వేళ్లతో తట్టి, అతుకు ఎక్కడుందో చూసి, ఉలి పెట్టింది. అంతలో పైన గొలుసు కదిలింది. ఓడ లంగరెత్తుతోంది. గంగులక్క కదిలే అడుగును పట్టుకునే ఉలి మీద గుద్దింది, పలక విడి నీళ్లు ఓడలోకి దూకాయి, పక్క రెండు ఓడల కిందా ఉలుల చప్పుడు మొదలైంది.